దీని జత యాడుంది?

రండి, అరుగు మీద కూచోండి. ఎండ తగ్గింది, పెనుకొండ దిక్కు నుంచి గాలి మళ్లింది. కాఫీ వచ్చేలోగా పిల్లల సంగతి కాస్త మాట్లాడుకుందాం. పెద్ద తరగతుల పిల్లలు కాదు, ఇంకా రెండేళ్లు, మూడేళ్లు, నాలుగేళ్లు ఉన్న పసివాళ్లు.

మనమందరం బళ్లో రాసిన ప్రశ్న ఒకటుంది, ‘జతపరచండి’ అని. ఎడమ పక్క ఐదు మాటలు, కుడి పక్క ఐదు మాటలు, మధ్యలో గీతలు. నాలుగో తరగతిలోనో ఐదో తరగతిలోనో అది మనకు ఇష్టమైన ప్రశ్న. రాత తక్కువ, మార్కులు ఖాయం. ఇప్పుడా ప్రశ్న ఎల్‌కేజీకి, అక్కణ్నుంచి నర్సరీకి దిగింది. ఒక పక్క గొడుగు బొమ్మ, ఇంకో పక్క వాన బొమ్మ. మూడున్నరేళ్ల పాప పెన్సిలు పిడికిట్లో బిగించి గీత మొదలుపెడుతుంది. గీత సగం దూరం పోయి పక్క బొమ్మకు తగులుతుంది, కాగితం చిరుగుతుంది. పైన ఎర్ర ఇంకుతో ఇంటూ పడుతుంది. గొడుగుకూ వానకూ సంబంధముందని ఆ పాపకు తెలీదా? భేషుగ్గా తెలుసు. తెలియంది పెన్సిలు నడపడమొక్కటే. పరీక్ష వేళ్లకు జరిగింది, మార్కు తెలివికి పోయింది.

అట్లాంటి కాగితం చేత్తో పట్టుకుని ఏడుపుమొహంతో ఇంటికొచ్చే బిడ్డను చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఎందుకంటే జత కలపడమంటే ఆ వయసు పిల్లలకు ప్రాణం. ఎవరూ చెప్పకపోయినా చేస్తారు. నాన్న చెప్పులు రెండూ దగ్గరకు చేరుస్తారు. గిన్నె మీద మూత పెడతారు, తీస్తారు, మళ్లీ పెడతారు. ‘ఎరుపు’ అని పలకడం రాని రెండేళ్ల బిడ్డ చేతికి ఒక ఎర్ర గిన్నె ఇచ్చి, “దీని జత యాడుంది?” అంటే నేల మీదున్న నాలుగు గిన్నెల్లోంచి ఇంకో ఎర్రది తెచ్చి పక్కన పెడుతుంది. నోటికి పేరు రావడానికి చాలా ముందే కంటికి పోలిక తెలుస్తుంది. ముందు ఇదీ అదీ ఒకటేనని చూడాలి, తరవాత ‘ఎర్రది చూపించు’ అంటే చూపించాలి, ఆ తరవాతే ‘ఇదేం రంగు’ అంటే చెప్పాలి. మనం మాత్రం చివరి మెట్టు దగ్గర నిలబడి బిడ్డను చెయ్యి పట్టి లాగుతాం. చుట్టాలొస్తే చాలు, “పాపా, ఇదేం కలరు చెప్పు, అంకులుకి చెప్పు” అంటాం. పాప బిక్కమొహం వేస్తుంది. నిన్నటిదాకా చెప్పింది, ఇవాళ చెప్పలేదని తల్లికి చిన్నతనం. ఆ ప్రశ్న మానేసి జత వెతకమని అడిగి చూడండి, మొహం వెలిగిపోతుంది.

ఈ మెట్ల సంగతి వందేళ్లకు ముందే గట్టిగా పట్టుకున్నావిడ మరియా మాంటిస్సోరి. ఆవిడ డాక్టరు. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లోరెంజో అనే పేదల పేటలో ఒక పిల్లల ఇల్లు తెరిచింది. తల్లీతండ్రీ పనికి పోతే పిల్లలు మెట్ల మీదా గోడల మీదా పడి పాడు చేస్తున్నారని, వాళ్లను ఒకచోట కూచోబెట్టే మనిషి కావాలని ఆ ఇళ్ల యాజమాన్యం వాళ్లే ఆవిణ్ని అడిగారు. ఆవిడ అక్కడ వాడిన వస్తువుల్లో రంగు పలకలున్నాయి. ఇవాళ బజారులో దొరికేవి రంగు పూసిన ముక్కలు. మొదట్లో ఆవిడ వాడినవి మాత్రం దారం చుట్టిన పలకలు, అదీ రంగురంగుల పట్టుదారం. ఎనిమిది రంగులు, ఒక్కో రంగులో ముదురు నుంచి లేత దాకా ఎనిమిది ఛాయలు, మొత్తం 64. పిల్లలు వాటిని కలిపేసి, మళ్లీ జతలు ఏరుకునేవాళ్లు. ఆవిడ 1939లో కొన్ని నెలల కోసమని మద్రాసు అడయారుకు వచ్చి, ప్రపంచ యుద్ధం ముంచుకురావడంతో 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. అందుకే మన వైపు ఆ పేరు ఇంత పాకింది. ఆ పేరు బోర్డు మీద పెట్టుకున్న బళ్లలో పట్టుదారం పలకలు ఎన్నిట్లో ఉన్నాయో నేను చెప్పను గానీ, పట్టుదారం ఎక్కడుందో మాత్రం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ధర్మవరంలో మగ్గమున్న ఏ ఇంటికైనా పోండి. మగ్గం గుంత పక్కన తెగిన పోగులు, కండెల మీద మిగిలిన చివరలు పడి ఉంటాయి. పాత పెళ్లి పత్రిక ఒకటి తీసుకుని రెండు వేళ్ల వెడల్పు ముక్కలు కత్తిరించండి. ఒక్కో ముక్కకు ఒక్కో రంగు దారం దగ్గరదగ్గరగా చుట్టండి. ప్రతి రంగుకూ రెండేసి ముక్కలు. మొదట ఎరుపు, పసుపు, నీలం, అంతే. మూడు జతలు, ఆరు ముక్కలు. మాంటిస్సోరి మొదటి పెట్టెలోనూ ఆ మూడు రంగులే. అవి తడుముకోకుండా కలుపుతున్నదంటే ఆకుపచ్చ, నారింజ, వంగపండు చేర్చండి. నాలుగేళ్లు దాటాక అసలు సరదా మొదలవుతుంది. నెమలికంఠం, పాలపిట్ట రంగు, ఆనంద బ్లూ మూడూ పక్కపక్కన పెడితే పెద్దవాళ్లమే తడబడతాం. చేనేత ఇంట్లో పెరిగిన పిల్లలు ఈ తేడాలు పట్టుకునే తీరు చూసి నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. వాళ్ల కంటికి ఆ చదువు ఊయలలోనే మొదలై ఉంటుంది.

ధర్మవరం చీరలో ఇంకో విశేషముంది. పడుగు, అంటే నిలువు పోగులు, ఒక రంగు; పేక, అంటే అడ్డం పోగులు, ఇంకో రంగు వేసి నేస్తారు. చీర కదిలితే రంగు మారినట్టుంటుంది, ఇట్లా చూస్తే ఒకటి, అట్లా చూస్తే ఒకటి. ఒకసారి నాలుగేళ్ల పాప ఒకతి అట్లాంటి గుడ్డముక్క ముందు కూచుని దారం పలకల్లో దానికి జత వెతకడం చూశాను. ఆకుపచ్చది పెట్టింది. గుడ్డ వంచి చూసింది, తీసేసింది. రాణి రంగుది పెట్టింది. మళ్లీ వంచింది. పక్కనున్న అవ్వ నోరు విప్పబోయి ఆగింది, ఆ ఆగడం నాకెంతో నచ్చింది. పాప కాసేపు ఊరికే కూచుని, ఆకుపచ్చదీ రాణిదీ రెండూ తెచ్చి గుడ్డకు చెరో పక్కన పెట్టింది. “రెండుండాయవ్వా దీంట్లో!” అంది. పడుగంటే ఏమిటో పేకంటే ఏమిటో ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే నేత గుట్టు దాని కంటికి దొరికింది.

రంగుల ఆట ఆడించే వేళ గురించి ఒక మాట. మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటరుకు చీర తీసుకుపోయిన ఆడవాళ్లు ఏం చేస్తారు? చీర మడత కాస్త విప్పి, రోలు మీద రోలు దింపించి, ట్యూబులైటు కింద చూసి, మనసొప్పక ఆ గుడ్డను అంగడి బయటికి తెచ్చి ఎండలో పెట్టి చూస్తారు. అంగడాయన ఏమీ అనుకోడు. దీపం వెలుతురులో నీలమూ వంగపండూ ఒకటే అనిపిస్తాయని ఆయనకూ తెలుసు. పిల్లలకూ అంతే. పొద్దున పూట వాకిలి దగ్గర కూచోబెట్టి ఆడించండి. రాత్రి లైటు కింద తప్పు పెడితే తప్పు బిడ్డది కాకపోవచ్చు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పట్టపగలు, తెలిసిన పిల్లవాడు, ఎన్నాళ్లు ఆడించినా ఎరుపునూ ఆకుపచ్చనూ కలిపేస్తున్నాడనుకోండి, మందలించకండి. కంటి డాక్టరుకు చూపించండి. కొన్ని రంగుల తేడా కనిపించకపోవడం పుట్టుకతో వచ్చేది. ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో చాలా ఎక్కువ. చూపు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇట్లాంటి ఆటలోనే మొదటిసారి బయటపడుతుంది. అట్లాంటి బిడ్డకు రంగులు వదిలేసి ఆకారాలూ సైజులూ ఇస్తే అందరితోపాటు హాయిగా ఆడతాడు.

కళ్లు పక్కన పెడితే వేళ్లున్నాయి. మాంటిస్సోరి పిల్లల చేత కళ్లు మూయించి, రకరకాల గుడ్డముక్కలు తడిమి జతలు కలిపించేది. నూలు, పట్టు, ఉన్ని, ముఖమల్. ధర్మవరంలో ఈ ఆటకు రూపాయి ఖర్చు లేదు. పట్టు ముక్క, జరీ అంచు ముక్క, అమ్మ పాత నూలు చీర ముక్క, తువ్వాలు ముక్క, గోనె ముక్క. ఒక్కోటి రెండేసి సంచిలో వేసి, చెయ్యి లోపల పెట్టి జత తియ్యమనండి. కళ్లకు గంతలు కడితే కొందరు బిడ్డలు జడుసుకుంటారు, సంచి అయితే ఆ బాధ లేదు. జరీ ముక్క గరుకుగా వేలికి తగలగానే వాళ్ల మొహంలో వచ్చే మార్పు చూడాలి మీరు.

మగ్గం ఇంట్లో ఇంకో పని జరుగుతుంది, అచ్చు అతకడం. పాత పడుగు అయిపోవస్తుంది, కొత్త పడుగు తెస్తారు. పాతదాని ఒక్కో పోగుకు కొత్తదాని ఒక్కో పోగు అతుకుతూ పోవాలి. వేల పోగులు. ఒక పోగు తప్పితే ఆ తరవాతివన్నీ తప్పుతాయి. ఎక్కువగా ఆడవాళ్లు గంటలకొద్దీ కూచుని చేసే పని, నడుములు పడిపోయే పని, దానికి తగ్గ కూలి గిట్టని పని. దాన్ని నేను పిల్లల ఆటతో పోల్చడం లేదు. కానీ ‘ఒకదానికి ఒకటి’ అనే లెక్క ఎంత బలమైందో చూడాలంటే అక్కడ చూడాలి. అంకెలు రాని బిడ్డ కూడా ఆ లెక్క మొదలుపెట్టగలడు. భోజనాల వేళ “ఒక్కో కంచానికి ఒక్కో గ్లాసు పెట్టు నాయనా” అనండి. ఒకటి రెండు మూడు నోటితో వల్లించడం వేరు, ప్రతి కంచానికీ గ్లాసు వచ్చిందా లేదా అని చూడటం వేరు. వంద దాకా గడగడా చెప్పే పిల్లవాడు కూడా ఐదు కంచాలకు ఆరు గ్లాసులు తెస్తాడు. కంచాల ముందు పెట్టి చూసుకుంటే ఒకటి మిగులుతుంది. దాన్ని వంటింట్లో పెట్టేసి వస్తాడు. అక్కడ మొదలవుతుంది గణితం.

స్విట్జర్లాండులో జీన్ పియాజే అనే పెద్దాయన ఇదే పట్టుకుని పిల్లల్ని ఎంతో పరిశీలించాడు. మన ఇంట్లోనూ చేసి చూడొచ్చు. ఐదు కంచాల ముందు ఐదు గ్లాసులు వరసగా పెట్టి “సమానమేనా?” అంటే నాలుగేళ్ల బిడ్డ సమానమే అంటుంది. వాళ్ల కళ్ల ముందే గ్లాసుల్ని ఎడంగా జరిపి మళ్లీ అడగండి. “గ్లాసులే ఎక్కువ” అంటుంది. వరస పొడుగైంది కదా! దిద్దకండి. దిద్దితే మీ మొహం చూసి మాట మారుస్తుందే తప్ప నమ్మదు. ఆరేడేళ్లకు అదే బిడ్డ “జరిపినావు గానీ ఎక్కువ పెట్టలేదు కదా” అని మనకే చెబుతుంది.

హిందూపురం వాళ్లు ధర్మవరం మాటలే చెబుతున్నానని అలగక్కర్లేదు. ఏరడం, వేరు చెయ్యడం ఆ ఊరి బతుకుదెరువు. చింతపండు మార్కెట్టులో కరిపులి వేరు, ఫ్లవర్ రకం వేరు. చూసిన చూపులోనే తేల్చేస్తారు. పట్టుగూళ్ల మార్కెట్టుకు సరుకు తెచ్చే రైతు ముందుగానే మరక పడ్డ గూళ్లు, రెండు పురుగులు కలిసి కట్టిన గూళ్లు ఏరి తీసేస్తాడు. బైవోల్టిన్ గూళ్లు తెల్లనివి, సంకరజాతివి పచ్చనివి. ఆ ఇంటి పిల్లలు గంప పక్కన కూచుని ఒక గూడు ఎత్తి చెవి దగ్గర ఆడిస్తుంటారు, లోపల గల్లుమంటుందని. అది కూడా చదువే.

చెవి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఒకే తీరు డబ్బాలు ఆరు తీసుకోండి, లోపలిది కనపడకూడదు. రెండిట్లో రాగులు, రెండిట్లో కందులు, రెండిట్లో చెనక్కాయలు పోసి మూతలకు టేపు చుట్టండి. చెవి దగ్గర ఆడించి జత కలపాలి. రాగులు సన్నగా ఇసక జారినట్టు, చెనక్కాయలు దబదబా. అది వచ్చాక బియ్యం, పెసలు చేర్చండి. బియ్యానికీ పెసలకూ తేడా వినాలంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలి. టీవీ ఆపేస్తారా అని పిల్లలే అడుగుతారు.

హిందూపురంలో ఈ ఆటలకు మరో విలువ ఉంది. అటు పది అడుగులేస్తే కర్ణాటక. ఒకే వీధిలో ఒకింట తెలుగు, ఒకింట కన్నడం, ఒకింట ఉర్దూ. మూడిళ్ల పిల్లలూ ఒకే అంగన్‌వాడీలో చాప మీద కూచుంటారు. పాటంటే ఒకరికి తెలుస్తుంది, ఒకరికి తెలీదు. కథంటే సగంమంది కిటికీ చూస్తారు. రెండు ఆకులు, రెండు రాళ్లు, రెండు మూతలు చాప మీద పోస్తే మాత్రం మొదటి రోజు వచ్చి నోరు విప్పని బిడ్డ కూడా చెయ్యి చాస్తుంది. ఆ చెయ్యి చాచడం కోసం ఎదురుచూసే అంగన్‌వాడీ టీచర్లంటే నాకు గౌరవం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన పథకం అంగన్‌వాడీలది. కోడిగుడ్డూ పాలూ ఇచ్చే చోటుగానే మన మనసులో ఉండిపోయింది గానీ, మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో బడికి ముందు చదువు చెప్పడం మొదటి నుంచీ దాని పనే. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే మెట్టుగా కట్టి, ఆటతో నేర్పమంది. కాగితం మీద మాట బాగానే ఉంది. అంగన్‌వాడీలో ఆకులూ రాళ్లూ ఏరించే టీచరును చూసి “ఏబీసీడీలు రాయించరా?” అని గొడవ పడేది తల్లిదండ్రులమే. ఆ గొడవ మనం మానాలి.

గింజల ఆట గురించి జాగ్రత్త చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చింతపిక్కలు, అలసందలు, ఉలవలు, కందులు నాలుగు గిన్నెల్లోకి వేరు చెయ్యడం పిల్లలకు ఎంతో ఇష్టం. కానీ మూడేళ్లలోపు బిడ్డ చేతికి గింజ వెళ్లిందంటే నోట్లోకో ముక్కులోకో పోతుంది. చెనక్కాయ విత్తనం ఊపిరి గొట్టంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే చిన్నవాళ్లకు మూతలు, గరిటెలు, నిమ్మకాయలు, ఉల్లిగడ్డలు. గింజలు పెద్దవాళ్లు పక్కన కూచున్నప్పుడే, ఆట అవగానే ఎత్తి పైన పెట్టాలి. గురువింద గింజలు ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకే రానివ్వొద్దు. ఆ ఎరుపూ నలుపూ వెనక విషం ఉంది, కొరికితే ప్రమాదం.

ఐదేళ్లు వచ్చాక చింతపిక్కలతో సరి-బేసి ఆడించండి. గుప్పిట్లో కొన్ని పిక్కలు పట్టుకుని “సరా? బేసా?” అని అడిగే ఆట మన అవ్వల కాలం నుంచీ ఉన్నదే. గుప్పిట విప్పి రెండు రెండుగా జతలు పేర్చుకుంటూ పోతే చివర ఒంటిది మిగిలిందా, బేసి. మిగల్లేదా, సరి. లెక్కపెట్టడం రాకపోయినా తీర్పు చెప్పొచ్చు. ఐదో తరగతి పుస్తకంలో సరిసంఖ్యల పాఠం వచ్చేసరికి ఆ బిడ్డకు అది పాత చుట్టం.

పెనుకొండకు వద్దాం. 1565లో తళ్లికోట యుద్ధం తరవాత విజయనగర రాజ్యానికి రాజధానిగా నిలిచిన ఊరు. ఇప్పుడు ఆ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో అమ్మా నాన్నా షిఫ్టులకు పోతున్నారు, పసివాళ్లు అవ్వ దగ్గరో జేజి దగ్గరో ఉంటున్నారు. ఆ అవ్వల చేతిలో ఫోనుంది, ఫోనులో పిల్లలకు రంగుల బొమ్మలాటలున్నాయి. బొమ్మను వేలితో లాగి జత దగ్గర వదిలితే చప్పట్లు మోగుతాయి. వేలికి బరువు లేదు, గరుకు లేదు, వాసన లేదు. అవ్వకు పని తెమలాలి, నాకు తెలుసు, ఆమెను ఏమీ అనను. ఆమెకు ఒక ఉపాయం మాత్రం చెబుతాను, మూతలు.

అక్కడ ఒకింట్లో చూసిందే చెబుతాను. అవ్వ సంగటి కెలుకుతోంది. మూడేళ్ల మనవడి ముందు ఐదు స్టీలు డబ్బాలు, ఐదు మూతలు పరిచి ఉన్నాయి. వాడు పెద్ద మూత చిన్న డబ్బా మీద పెట్టాడు. మూత జారిపడి మోగింది. “అవ్వా, పళ్లా!” అన్నాడు. “పళ్లేదా? అయితే దాని డబ్బా వేరే యాడనో ఉంటాదిలే నాయనా, చూడు” అంది అవ్వ, తెడ్డు ఆపకుండానే. వాడు చిన్న మూత పెద్ద డబ్బాలో వేశాడు, లోపలికి పోయింది. వంగి చూశాడు, నవ్వాడు, చెయ్యి పెట్టి తీశాడు. సంగటి ముద్దలు కట్టేసరికి ఐదూ సరిగ్గా కూచున్నాయి. అవ్వ ఒక్కసారి కూడా ‘తప్పు’ అనలేదు. అనాల్సిన పని లేదు, ఆ మాట డబ్బా చెప్పేసింది. తప్పును వస్తువే చెబితే బిడ్డకు సిగ్గు లేదు, భయం లేదు, మళ్లీ చెయ్యాలనిపిస్తుంది. మాంటిస్సోరి గుంటలున్న దిమ్మెలూ వాటిలో కూచునే కొయ్య స్థూపాలూ చేయించింది ఇందుకే. కాగితం మీది గీతకు ఆ గుణం లేదు. అది తప్పయినా ఒప్పయినా అట్లాగే పడి ఉంటుంది, ఎవరో పెద్దవాళ్లు వచ్చి చెప్పేదాకా.

హైవే పక్క ఇళ్ల పిల్లలు పెద్ద ట్రైలరు మీద పోయే కార్లను చూసి “అదే బండి, అదే బండి, ఎర్రది!” అని అరుస్తుంటారు. ఆకారం ఒకటే, రంగు వేరు అని వాళ్లకు వాళ్లే తేల్చుకుంటున్నారు. ఆ రోడ్డు మీద బోర్డులు చూడండి, తెలుగు, ఇంగ్లీషు, అక్కడక్కడ కొరియన్ అక్షరాలు. చదవడం రాని బిడ్డకు అన్నీ బొమ్మలే. బోర్డు మీది ఒక అక్షరం ఇంకో బోర్డు మీద దొరికితే గంతులేస్తారు. చదువుకు అది గట్టి పునాది. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, తేడా అంతా చిన్న కొమ్ములో, తోకలో, పొట్టలో గీతలో ఉంటుంది. వ, మ పక్కపక్కన పెట్టండి. ప, ష పెట్టండి. ద, ధ పెట్టండి. ఆ చిన్న తేడాను పట్టుకునే కన్ను ముందు తయారు కావాలి, దిద్దించడం తరవాత. గరుకు కాగితం మీద అక్షరాలు కత్తిరించి రెండేసి చేసి జతలు కలపమనండి. పేరు అడగొద్దు. పేరు వాళ్లే వచ్చి అడుగుతారు, “ఇదేందవ్వా?” అని.

పెద్దవాళ్లను తికమకపెట్టే సంగతి ఒకటుంది. ఒక్కోసారి బిడ్డ మనకు అర్థం కాని జత కలుపుతుంది. ఒక పాప కళ్లద్దాల బొమ్మ పక్కన పడక కుర్చీ బొమ్మ పెట్టింది. ఇదేంటి, పెన్ను కదా పెట్టాలి? “ఎందుకు పెట్టినావమ్మీ?” అని అడిగితే, “రెండూ తాతవి” అంది. ఎంత న్యాయమైన మాట! రష్యాలో వైగాట్‌స్కీ చిన్నపిల్లల చేత దిమ్మెలు గుంపులు చేయించి చూసి, వాళ్లు ఒకే సూత్రం పట్టుకుని వెళ్లరని చెప్పాడు. మొదట రంగు చూసి ఒకటి చేరుస్తారు, తరవాత ఆకారం నచ్చి ఇంకోటి చేరుస్తారు, గొలుసులాగా సాగుతుంది. అది ఆలోచన లేకపోవడం కాదు, వాళ్ల వయసు ఆలోచన. అందుకే దిద్దేముందు అడగండి. అడిగినప్పుడు గొంతులో దబాయింపు వద్దు.

ఇంకేం, కాఫీ చల్లారిపోతోంది. వచ్చే ఆదివారం ఖాళీ ఉంటే పిల్లల్ని తీసుకుని లేపాక్షి గుడికి పోండి. హిందూపురం నుంచి 15 కిలోమీటర్ల లోపే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చే పని అందరూ చేస్తారు, మీరూ చెయ్యండి. తరవాత లతామండపం దగ్గర ఆగండి. స్తంభాల మీద రకరకాల తీగలు, పువ్వులు, అల్లికలు చెక్కి ఉంటాయి. నేతగాళ్లు చీరల అంచులకు ఎత్తుకున్నది ఆ డిజైన్లనే. వాటిలో రెండు మూడు ముందుగానే కాగితం మీద గీసుకునో, ఫోటో తీయించుకునో పిల్లల చేతికివ్వండి. “ఇది ఏ స్తంభం మీదుందో వెతుకుదామా?” అనండి. మీకు ముందే కనపడుతుంది, చెప్పకండి. నేల మీద చెక్కిన పెద్ద పాదముద్రలో తమ పాదం పెట్టి చూసుకోనివ్వండి. చెప్పులు బయటే వదలాలి, మిట్టమధ్యాహ్నం రాయి కాలుతుంది కాబట్టి పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడుండేట్టు బయల్దేరండి. నీళ్లు, బొరుగులు వెంట పెట్టుకోండి.